కాఫీ డబ్బాలో వేపాకు

సుగుణను కిందటి వారం మనం వంటింటి గడప మీద వదిలిపెట్టాం. ఆమె అరచేతిలో ఒక ఎండు వేపాకు ఉంది. భర్త మద్రాసు నుంచి పంపిన కాఫీ గింజల డబ్బాలో, గింజల నడుమ దొరికిన ఆకు అది.

ఆకు చిన్నదే. కానీ మద్రాసులో కాఫీ అమ్మే కొట్టువాడెవడూ గింజల్లో వేపాకు వేయడు. ఆ అలవాటు వరంగల్లులో ఈ మట్టెవాడ కిరాణా ఇళ్లది. కందులు కానీ, పెసలు కానీ, నిలవచేసే గింజ ఏదైనా సరే, డబ్బా అడుగున గుప్పెడు ఎండు వేపాకు పడాల్సిందే. వేయించిన కాఫీ గింజకు పురుగు భయం లేదు. దాని శత్రువులు గాలి, చెమ్మ, పక్కనున్న సరుకుల వాసన. సుగుణ అందుకే ఆ డబ్బాను ఇంగువకూ మిరపకాయలకూ దూరంగా, మూత బిగించి, పొయ్యి వేడి తగలని గూట్లో దాచుకునేది. ఏ పూటకు ఆ పూట కావలసినన్ని గింజలే తీసి మరలో విసురుకునేది.

ఆ పొద్దున ఆమెను కలవరపెట్టింది వేపాకు ఒక్కటే కాదు. ఫిల్టరులో పొడి వేసి, మరిగి నిమ్మళించిన నీళ్లు కొద్దిగా చిలకరించగానే పొడి పొంగింది. సన్నని బుడగలు కట్టి, అంచుల దాకా లేచి, మెల్లగా కుంగింది. పాత గింజల పొడి అలా చేయదు, నీళ్లు పడితే తడిమట్టిలా కూర్చుంటుంది. మద్రాసు బండెక్కి, నైజాం సరిహద్దు సుంకాల నాకాలో ఆగి, పార్శిలు గదిలో పడి ఉండి, ఒకప్పటి తమ కొట్టు హమాలీ యాకయ్య బండి మీద ఇంటికి వచ్చే గింజలు మొదటి రోజుల్లో ఎన్నడూ ఇలా పొంగలేదు. అంటే ఇవి మద్రాసులో వేయించినవి కావు. ఇక్కడే, ఈ వరంగల్లులోనే, నిన్నో మొన్నో ఎవరో వేయించారు.

అది అర్థమైన క్షణాన ఆమెకు ముందు కోపం రాలేదు. భయం వేసింది.

ఎందుకంటే ఆ డబ్బా ఆమెకు వట్టి కాఫీ డబ్బా కాదు. మామగారు రామలింగం పోయాక, యుద్ధకాలపు సరుకుల కంట్రోళ్లలో కిరాణా కొట్టు నిలదొక్కుకోలేక మూతపడింది. వెంకట్రాజం మద్రాసులో ఒక నూనెల వర్తకుడి దగ్గర పనికి కుదిరాడు. బయలుదేరే రోజున, ముందు గదిలో ట్రంకుపెట్టెకు తాడు కడుతూ భార్యతో అన్నాడు: "నాకు జాబులు రాసుడు రాదు సుగుణా. నెలనెలా నీకు కాఫీ పంపుత. డబ్బా వస్తుంటే నేను మంచిగున్న అనుకో. రాకపోతే అప్పుడు ఫికర్ చెయ్."

బెజవాడలో ఇంటరు దాకా చదివి, తండ్రి పక్కన కూర్చుని కాఫీ తాగి పెరిగిన సుగుణకు ఈ చాయ తాగే ఇంట్లో కాఫీ రుచి తెలిసిన మనిషి అతనొక్కడే. ఆమే నేర్పింది. అతను వెళ్లాక మూసిన కొట్టు పలకల వెనక, చీకటి ముందు గదులు దాటితే, మిగిలింది ఇద్దరు ఆడవాళ్లు. అత్తగారు చిలుకమ్మ పెరటి వైపు, సుగుణ వంటింటి వైపు. వాళ్ల నడుమ ఉప్పూ పప్పూ మాటలే తప్ప వేరే మాట నడిచేది కాదు. కోడలి కాఫీ వాసనకు అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. రోజూ పొద్దున ఆ ఫిల్టరు ముందు కూర్చుని, డికాక్షను బొట్టు బొట్టుగా దిగే చప్పుడు వినడమే సుగుణకు భర్తతో కబురు.

ఇప్పుడా కబురు అబద్ధమని ఒక వేపాకు చెబుతోంది.

వారమంతా ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అడగకుండానే ఒకటి తెలిసింది. చిలుకమ్మ నెలకు రెండు మూడుసార్లు ఖిలాలో ఉన్న అక్క సారలమ్మ ఇంటికి పోయి వస్తుంది. ఈసారి వచ్చాక విడిచిన చీర నానబెట్టబోతూ సుగుణ కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. పొగ వాసన. దాని అడుగున, తప్పు పట్టలేనంత స్పష్టంగా, కాఫీ.

మళ్లీ చిలుకమ్మ "అక్క తాన్కి పోతాన" అని చెప్పులేసుకున్న రోజున, సుగుణ కాసేపు ఆగి జట్కా మాట్లాడుకుంది.

*

ఖిలా కోటగోడ దాటాక జట్కాను ఆగమని చెప్పి, దిగి నడిచింది. దారి పక్కన చెక్కిన నల్లరాళ్లు పడి ఉన్నాయి. ఒక రాతి హంస మీద ఎవరో పిడకలు ఎండబెట్టారు. సారలమ్మ ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగనవసరం లేకపోయింది, గాలే చెప్పింది. పచ్చిగడ్డి కాలినట్టు మొదలై, వేరుశెనగ వేగినట్టు మారి, చివరికి ఆమె ఎక్కడున్నా గుర్తుపట్టే ఆ వాసనగా తేలింది.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి. దాని మీద ఇనుప మూకుడు. చిలుకమ్మ వీపు ఇటు పెట్టి కూర్చుని, చెక్క గరిటెతో ఆగకుండా కలుపుతోంది. తల ఒక పక్కకు వంచి, చెవి మూకుడు వైపు పెట్టింది. ఆమె కళ్లకు పొరలొచ్చి చాలా కాలమైంది, రంగు చూసి వేయించే చూపు లేదు. గింజ చిట్లే చప్పుడు కోసం వింటోంది.

"అక్కా, గా చాట ఇటియ్యి. పేలుడు మొదలైంది," అంది వెనక్కి తిరగకుండానే.

సారలమ్మ చేటతో గుమ్మంలోనే నిలబడిపోయింది. సుగుణ ఆమె చేతిలోంచి చేట అందుకుని అత్తగారి పక్కన పెట్టింది. చిలుకమ్మ మూకుడు దించి గింజలు చేటలో కుమ్మరించి ఎగరేయడం మొదలుపెట్టింది. పొట్టు ఎగిరి సుగుణ పాదాల మీద పడింది.

"ఎక్కువ సేపు ఎగరేయండి అత్తమ్మా," అంది సుగుణ. "లోపలి వేడి పోకపోతే దించాక కూడా మాడుతూనే ఉంటాయి."

చేట ఆగింది. చిలుకమ్మ గింజలను అరచేత్తో ఒకసారి సర్దింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"మీ వేపాకు."

సారలమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "నేను చెప్పలేదే చిలకా? గా ఆకులెందుకే దాంట్ల అని? ఇంటదా? దుకాణపోళ్ల పిల్లకు దుకాణం బుద్ధి ఏడికి పోతది?"

"నువ్వూకో అక్కా. పురుగు పడ్తదేమోనని ఏసిన."

"వేయించిన గింజకు పురుగు పట్టదు అత్తమ్మా."

"నాకేమెరుక? మీ మామ పానం పోయేటప్పుడు గూడ కందుల డబ్బాల వేపాకు ఏసినవా అనే అడిగిండు." చిలుకమ్మ చేట కింద పెట్టింది. "కూసో. నిలవడి అడిగితే పోలీసోనికి చెప్పినట్టుంటది."

సుగుణ కూర్చోలేదు. "ఎప్పటినుంచి?"

"దసరా నుంచి."

"ఆయన పంపడం మానేసి అన్నాళ్లయిందా?"

చిలుకమ్మ పొయ్యిలోంచి పుల్ల వెనక్కి లాగింది. ఈలోగా మూకుడు అడుగున మిగిలిన ఒక గింజ చిటుక్కుమంది.

"దసరాకు డబ్బా రాలే. రైల్ల ఏదో అయిందనుకున్న. యాకయ్యను టేషనుకు రెండుసార్లు తోలిన. పార్శిలు లేదన్నడు. నువ్వేమో గూట్ల డబ్బా తీసుడు, గింజలు సూసుడు, పెట్టుడు. అడుగు కనవడ్తాందని సగం సగం చేసుకుంటానవు. వాడు పోయేటప్పుడు నీతోటి ఏమన్నడో నేను ఇనలేదనుకున్నవా? పక్క అర్రల్నే ఉన్న. డబ్బా రాకపోతే ఫికర్ చెయ్యి అన్నడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మసి చెంప మీదికి పాకింది. "ఇంట్ల ఇద్దరమే ఉన్నం. ఇద్దరం ఫికర్ చేస్తే ఇల్లెట్ల నడుస్తది? నేనొక్కదాన్నే చేస్తనని చేసిన."

సుగుణ అప్పుడు కూర్చుంది, పొట్టు మీదే.

ఆమెకు ఆ చలికాలపు డబ్బా గుర్తొచ్చింది. గింజలు బొగ్గుల్లా ఉండి, కొన్ని నల్లగా, కొన్ని ఇంకా పచ్చిగా, డికాక్షను చేదుగా, గొంతులో మసి కొట్టేది. మద్రాసులో కొట్టు మార్చాడేమో, యుద్ధం పోయినా మంచి సరుకు దొరకడం లేదేమో అనుకుంది. అయినా ఒక్క గింజ పారేయలేదు. ఆయన పంపినది కదా అని.

"మొదటిసారి మాడ్చారు," అంది మెల్లగా.

"బొగ్గు చేసిన. నువ్వు మొకం చిట్లిచ్చుకుంటనే తాగినవ్, తలుపు సాటున్నుంచి సూసిన. కండ్లు కనవడకున్నా నీ మొకం చిట్లిచ్చుడు ఎరుకైతది." చిలుకమ్మ నోట్లో నవ్వులాంటిదేదో వచ్చి ఆగిపోయింది. "గప్పటి సంది చెవిబెట్టి నేర్చుకున్న. మొదటి పేలుడుకు సెగ తగ్గియ్యాలె. పేలుడు ఆగినంక జరసేపే. మల్ల రెండో పేలుడు దాకా పోతే సత్తెనాశనం."

"మంచిగ నేర్చినవ్ పో," అంది సారలమ్మ. "నా పెరడంత పొగ. పక్కింటోళ్లు మీ ఇంట్ల ఎవలకన్న దిష్టి తీస్తాండ్రా అని అడుగుతాండ్రు."

సుగుణ చేటలోంచి ఒక గింజ తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. సమంగా వేగింది. ఆమె తండ్రి అయితే భేష్ అనేవాడు. నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషి, కాఫీ వాసనకు ముక్కు మూసుకునే మనిషి, ఈ పొగలో చెవి పెట్టి కూర్చుని ఇది నేర్చుకుంది. ఇంట్లో ఇద్దరూ చెరో గదిలో ఒకే మనిషి కోసం బెంగపడుతూ, ఒకరికొకరు మంచి ముఖం చూపించుకుంటూ ఇన్ని నెలలు గడిపేశారు.

"మీరెప్పుడైనా తాగారా అత్తమ్మా?"

"నేనా? థూ."

"నిన్నటివేమన్నా ఉన్నాయా? ఇప్పుడు దించినవి పనికిరావు. వేయించిన గింజ కనీసం ఒక పూట ఊరుకోవాలి, లేకపోతే పొగే తాగినట్టు ఉంటుంది."

పోయినసారి వేయించగా మిగిలిన గింజలు సారలమ్మ కుండలో ఉన్నాయి. మర లేదు, ఫిల్టరు లేదు. సుగుణ రోట్లో గింజలు దంచింది, మరీ మెత్తన కాకుండా, సన్నరవ్వలా. పలచని గుడ్డను చెంబు మూతికి కట్టి పొడి వేసింది. నీళ్లు మరిగాక పొయ్యి మీదనుంచి దించి, తెర్లు ఆగేదాకా చూసి, పొడి తడిసేంత మట్టుకే మొదట పోసింది.

"ఇగ పోయ్ మరి. ఆగినవేంది?" అంది చిలుకమ్మ.

"కొంచెం ఊపిరి పీల్చుకోనివ్వాలి. తర్వాత మెల్లగా పోయాలి. తొందరపడితే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, సారం పొడిలోనే ఉండిపోతుంది."

కాచిన పాలు కలిపి, బెల్లం వేయకుండా చక్కెర కొద్దిగా వేసి, కంచు గ్లాసులో పోసి అత్తగారి చేతిలో పెట్టింది. పెళ్లయి వచ్చాక ఆ చేతిలో తను చేసిన కాఫీ పెట్టడం ఇదే మొదలు. చిలుకమ్మ వాసన చూసింది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"గింతేనా? దీనికేనా నువ్వు గంతగనం బెంగటిల్లింది?"

"నీళ్లు ఉప్పవి అత్తమ్మా. ఇక్కడి బావి నీళ్లకు కాఫీ దిగదు. ఇంట్లో మన నల్లాకు ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే నీళ్లతో చేస్తే అప్పుడు చూడండి. ఆ నీళ్ల రుచే వేరు."

"ఇంటికి పోయినంక చేసియ్యి అయితే," అంది చిలుకమ్మ. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు.

అంతమాట అన్నందుకే సుగుణకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోయాక చేసివ్వమని ఆమెను అడిగిన మనిషి ఈమధ్య ఎవరూ లేరు.

*

"పచ్చి గింజలు ఎక్కడివి?" అని అడిగింది కాసేపటికి. "వరంగల్లులో పచ్చి కాఫీ గింజలు అమ్మే దుకాణం లేదే."

"యాకయ్య తెచ్చిస్తడు. టేషన్ల కాఫీ అమ్మేటోడు ఎవడో అరవాయన ఉన్నడట. ఏంచినయి అయితే వారంల సప్పబడ్తయి, పచ్చియి అయితే ఏడాది గూడ ఉంటయి అని గాయ్ననే చెప్పిండట."

"గిప్పుడు ఏంచినయి పోయిన నెలవి, ఈ నెల మూట ఇంక ఇప్పకనే పోతిమి," అంది సారలమ్మ. "నువ్వు రాకముందే యాకయ్య ఏసి పోయిండు. మొగులు కింద బయటనే పెట్టిన, సూడు బిడ్డా, ఎలుకలు కొడ్తయి, లోపట పెట్టు."

గోడవారన చిన్న గోనెమూట. సుగుణ రెండు చేతులా ఎత్తబోయి, మూతి దగ్గర చెయ్యి పడగానే ఆగిపోయింది.

మూతిని పురికొసతో కట్టారు. ముడి తిరగేసి ఉంది.

మట్టెవాడలో రామలింగం కొట్టు పొట్లం ఎక్కడ కనబడినా జనం గుర్తుపట్టేవారు, ముడిని బట్టి. వెంకట్రాజానిది ఎడమచేతి వాటం. అందరూ కుడికి తిప్పే చోట అతను ఎడమకు తిప్పేవాడు. చివరి కొసను లోపలికి దోపి వదిలేసేవాడు. తెలియనివాళ్లు దాన్ని పళ్లతో కొరికి, గోళ్లతో పీకి, చివరికి కోసేవారు. తెలిసినవాళ్లకు ఒక్క లాగు చాలు. "మా కొడుకు పొట్లం కడితే ఇప్పనీకి మల్ల మా కొడుకే రావాలె" అని మామగారు గిరాకులతో పరాచికాలాడేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో సుగుణ జడకు రిబ్బను కట్టింది ఆ చేతులే. దాన్ని విప్పడానికి ఏ కొస పట్టుకోవాలో నేర్పిందీ అతనే.

ఆమె లోపలికి దోపిన కొసను చిటికెన వేలితో పైకి తీసింది. పట్టుకుని లాగింది. ముడి మొత్తం జారి, పురికొస తిన్నగా చేతిలోకి వచ్చింది.

"అత్తమ్మా," అంది. "ఈ మూటలు మీరు ఎట్లా విప్పుతారు?"

"విప్పుడేంది, ఆ ముడి ఎవడు ఏస్తాండో గని ఇప్పరాదు. ప్రతిసారి కత్తిపీటకు పెట్టి కోస్త."

సుగుణ పురికొసను మూతికి చుట్టి, భర్త నేర్పినట్టే ఎడమకు తిప్పి మళ్లీ ముడి వేసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని వేళ్లను దాని మీద పెట్టింది.

చిలుకమ్మ వేళ్లు ముడి మీద ఒకసారి తిరిగాయి. వెనక్కి వచ్చాయి. దోపిన కొస దగ్గర ఆగాయి. ఇన్నేళ్లు గల్లాపెట్టె పక్కన కూర్చుని కొడుకు కట్టిన పొట్లాలు గిరాకుల చేతికందించిన వేళ్లు అవి. కళ్లు మోసపోతాయేమో గానీ వేళ్లు మోసపోలేదు. రెండో చెయ్యి మూట చుట్టూ వేసి ఒళ్లోకి లాక్కుంది.

"కోసిన," అంది చివరికి. "అన్నిటిని కోసిన, సుగుణా."

సుగుణ అప్పటికే లేచింది. "యాకయ్య ఎంత దూరం పోయి ఉంటాడు పెద్దత్తమ్మా?"

"దర్వాజ కాడ బీడి తాక్కుంట కిరాయి కోసం పొద్దంత కూసుంటడు వాడు," అంది సారలమ్మ.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచింది. తూర్పు దర్వాజ నీడలో తోపుడుబండి కనబడింది. దాని కర్ర మీద కూర్చున్న యాకయ్య ఆమెను చూసి బీడీ పారేసి లేచాడు. ఆమె చేతిలో ఏమీ లేదు. కానీ ఆమె ముఖం చూసి అతనికి తెలిసిపోయినట్టుంది.

"ఆ మూట కట్టింది ఎవరు యాకయ్యా?"

"చెప్పొద్దన్నడు చిన్నమ్మా. మా పిల్లల మీద ఒట్టు ఏపిచ్చుకున్నడు."

"నువ్వు చెప్పకు. నేనే చెబుతా. మద్రాసు బండిలో వచ్చి స్టేషన్లో నీ చేతికిచ్చి, దిగకుండానే వెళ్లిపోతున్నారు. అంతేనా?"

యాకయ్య తల అడ్డంగా ఊపాడు. "టేషనుకు ఎన్నడు రాలే. మద్రాసుకే పోలే మల్ల." అతను చూపు తిప్పుకున్నాడు, పడమటి దిక్కుకు. "ధర్మసాగర్ల ఉన్నడు. దసరా సంది."

దసరా నుంచి. ఎడ్లబండి మీద ఒక పూట దూరంలో. ఆమెకు ఉన్నట్టుండి తన వంటింట్లో ఇత్తడి బిందె కనబడింది, ఆ బిందెలో నీళ్లు కనబడ్డాయి. పొద్దున్నే తను కాచి, తెర్లు ఆగేదాకా చూసి, పొడి మీద చిలకరించి, పొంగు చూస్తూ మద్రాసును తలుచుకున్న నీళ్లు. ఇన్నాళ్లూ అవి అతనున్న చోటినుంచే వచ్చాయి.

"జట్కా ఆగే ఉంది," అంది. "అత్తమ్మను తీసుకుని ఇప్పుడే పోతాను."

"పో చిన్నమ్మా. కాని ఒక్కదానివే పో." యాకయ్య బండికర్ర అందుకున్నాడు. "షావుకారమ్మను మాత్రం తీస్కపోకు."

"కన్నతల్లి యాకయ్యా. అంతగా చూడకూడనిది ఏదన్నా ఉంటే, ఆమెకు కళ్లు సరిగా కనబడవు కదా."

యాకయ్య బండిని ముందుకు తోశాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"కనవడకపోతేంది? ముట్టి సూస్తది గద."